ఇంగ్లిష్‌లో ఆలోచించొద్దు

ఉద్యోగం కోసం ఇంగ్లిష్ నేర్చుకోవడానికి ఎక్కడికి వెళ్లినా మొదటి రోజే ఒక మాట చెబుతారు: ఇంగ్లిష్‌లోనే ఆలోచించండి. అమీర్‌పేట నుంచి అమలాపురం దాకా ఆ మాట మారదు. హనుమకొండలో నేను చెప్పే సాయంత్రం క్లాసులో మొదటి రోజే దానికి పూర్తిగా ఎదురు చెబుతాను. ఇంగ్లిష్‌లో మాట్లాడండి, ఇంగ్లిష్‌లో రాయండి. ఆలోచన మాత్రం మీ నాయనమ్మ మాటల్లో చేయండి. ఉద్యోగం ఇంగ్లిష్‌ని వెనక నుంచి మొదలుపెట్టండి. చేరేటప్పటి మాటలకంటే ముందు వెళ్లిపోయేటప్పటి మాటలు నేర్వండి. ‘టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్’కు జవాబు అన్నిటికంటే చివర నేర్చుకోండి.

ఈ సలహా తలకిందులుగా ఉందని చాలామంది అన్నారు. ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులైతే పిల్లల్ని మాన్పించారు. నేను పదిహేడేళ్లు హెచ్‌ఆర్‌లో పనిచేసి, రమ్మనే కాగితాలూ పొమ్మనే కాగితాలూ రెండూ ఈ చేత్తోనే ఇచ్చినదాన్ని. అందుకే మాట మార్చుకోలేను.

నా మొదటి ఉద్యోగం హైదరాబాద్‌లో, ఇరవై మూడేళ్లప్పుడు. రెండేళ్లు కదలకూడదని, కదిలితే లక్ష రూపాయలు కట్టాలని ఒక కాగితం. డిగ్రీ సర్టిఫికెట్లు అసలువి వాళ్ల బీరువాలో. ఆ రాత్రి ఎస్టీడీ బూత్ నుంచి అమ్మకు ఫోన్ చేసి, బాండ్ మీద సంతకం పెట్టానని సంతోషంగా చెప్పాను. అమ్మకు ఇంగ్లిష్ అక్షరం రాదు. కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగింది: “ఎన్నేండ్లకు రాసిచ్చినవ్ బిడ్డా?”

మా తాత జీతం ఉన్న మనిషి. మా వైపు ‘జీతం ఉండుడు’ అంటే నెల తిరిగేసరికి డబ్బు రావడం కాదు. ఉగాది నుంచి ఉగాదికి ఒక ఇంటికి కుదరడం. పెళ్లికో చావుకో తీసుకున్న అప్పు తీరేదాకా ఆ గడప విడిచి పోలేకపోవడం. అట్లాంటి కట్టు చెల్లదని 1976లో చట్టం వచ్చేసరికి తాత నడుము వంగిపోయింది. నా బాండూ ఆయన జీతమూ ఒకటేనని అనడం లేదు. ఆయనకు కోర్టు తెలియదు, పోవడానికి ఇంకో ఊరు లేదు. నాకు రెండూ ఉన్నాయి. కానీ ముందు ఒక అప్పు చూపించి, ఆ అప్పు పేరు మీద మనిషిని ఆపడం అనే పద్ధతిని మా అమ్మ ఒక్క మాటలో గుర్తుపట్టింది. కాగితంలో ‘రికవరీ ఆఫ్ ట్రైనింగ్ కాస్ట్’ అని ఉంది. ఆ నాలుగు మాటలకూ స్పెల్లింగ్ నాకు తెలుసు. అర్థం అమ్మకు తెలిసింది.

పద్నాలుగో నెలలో అమ్మకు ఒంట్లో బాగాలేక మానేయాల్సి వచ్చింది. సర్టిఫికెట్లు చేతికి రావడానికి ఏడు నెలలు పట్టింది, అమ్మ గాజులు కుదువ పెట్టాల్సి వచ్చింది. అప్పటినుంచి ఏ ఇంగ్లిష్ కాగితం వచ్చినా అమ్మ ఏమని అడుగుతుందో ముందు అదే ఆలోచిస్తాను.

చివరి పేజీ మొదట

ఆఫర్ లెటర్ వచ్చిందంటే అందరి కళ్లూ మొదటి పేజీలో జీతం అంకె మీదికే పోతాయి. మీరు అది చూడొద్దు. ఒక రోజంతా చూడకుండా ఉండగలిగితే ఇంకా మంచిది. చివరి పేజీ తీయండి. టెర్మినేషన్, నోటీస్ పీరియడ్, బాండ్, నాన్-కంపీట్, రికవరీ అన్నీ అక్కడే ఉంటాయి. మొదటి పేజీ వాళ్లు మీకు ఇచ్చేది చెబుతుంది, చివరి పేజీ మీరు వాళ్లకు ఇచ్చేది.

అక్కడ మీకు ముందుగా కావలసినవి పెద్ద మాటలు కావు, రెండు చిన్న మాటలు: షల్, మే. ‘షల్’ అంటే తప్పదు. ‘మే’ అంటే ఇష్టమైతే. ఎర్ర పెన్నుతో ‘షల్’ కింద గీత గీయండి, నీలం పెన్నుతో ‘మే’ కింద గీయండి. తర్వాత ఏ మాట ఎవరి పేరు పక్కన ఉందో చూడండి. ‘ఎంప్లాయీ షల్’ ఎన్నిసార్లు, ‘కంపెనీ మే’ ఎన్నిసార్లు అని లెక్కపెట్టండి. నా చేతి మీదుగా పోయిన ఉత్తరాల్లో ఎరుపంతా ఉద్యోగి వైపు, నీలమంతా కంపెనీ వైపు ఉండేది. ఈ ఒక్క పని ఆరు నెలల స్పోకెన్ ఇంగ్లిష్ కోర్సుకంటే ఎక్కువ నేర్పుతుంది.

తర్వాత ఈ మాటలు పట్టుకోండి. ‘ఎట్ ద సోల్ డిస్క్రెషన్ ఆఫ్ ద కంపెనీ’ అంటే మా ఇష్టం. ‘ఫ్రమ్ టైమ్ టు టైమ్’ అంటే ఎప్పుడు పడితే అప్పుడు. ‘ఇన్‌క్లూడింగ్ బట్ నాట్ లిమిటెడ్ టు’ అంటే ఇవే కాదు, ఇంకా ఏవైనా. ‘సబ్జెక్ట్ టు’ అంటే అది కుదిరితేనే ఇది. ‘ఇన్ లూ ఆఫ్’ అంటే బదులు. నోటీసు ఇవ్వకుండా పంపేసి బదులు డబ్బు ఇవ్వొచ్చు అనేదంతా ఆ మూడు ముక్కల్లోనే ఉంటుంది. ‘ఫుల్ అండ్ ఫైనల్’ అంటే లెక్క తేల్చడం. ‘వేరియబుల్’ అంటే వస్తే వచ్చినట్టు. వీటికి నిఘంటువు అర్థాలు రాసుకోవద్దు. మీ ఇంట్లో పొలం కౌలుకిచ్చేటప్పుడో, ఇల్లు అద్దెకిచ్చేటప్పుడో ఏ మాట వాడతారో అదే రాసుకోండి.

నోటీస్ పీరియడ్ దగ్గర మాత్రం ఆగి చదవండి. ఐటీ కంపెనీల్లో మూడు నెలల నోటీసు మామూలైపోయింది. మీరు వెళ్లాలంటే తొంభై రోజులు, వాళ్లు పంపాలంటే ముప్పై రోజులు అని రాసిన కాగితాలు నేనే ఇచ్చాను. ఎందుకని ఎవరూ అడగలేదు. అడిగితే నా దగ్గర జవాబు ఉండేది కాదు. ఇద్దరికీ ఒకే గడువు రాయమని అడగండి. ఒప్పుకోకపోయినా, అడిగినవాళ్లు కాగితం చదివారని అవతలివాళ్లకు తెలుస్తుంది.

బాండ్ గురించి మనవాళ్లలో రెండు అపోహలున్నాయి. బాండ్ అసలు చెల్లదని కొందరు, రాసిన ప్రతి రూపాయీ కట్టాల్సిందేనని కొందరు అంటారు. రెండూ తప్పే. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 27వ సెక్షన్ ప్రకారం, ఒక మనిషిని చట్టబద్ధమైన వృత్తి చేసుకోకుండా ఆపే ఒప్పందం చెల్లదు. ఉద్యోగం మానేశాక ఫలానా కంపెనీలో చేరకూడదనే నాన్-కంపీట్ షరతు మన దేశంలో నిలబడటం కష్టం అందుకే. ఉద్యోగంలో ఉండగా ఇంకోచోట పనిచేయొద్దంటే అది వేరు, అది నిలబడుతుంది. మధ్యలో మానేస్తే ఇంత కట్టాలనే షరతు కూడా వేరు. అక్కడ 74వ సెక్షన్ ఉంది. కాగితం మీద రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి మాత్రమే, కోర్టు ఇప్పించేది సబబైన నష్టపరిహారం. 2025 మే నెలలో సుప్రీంకోర్టు ఒక ప్రభుత్వరంగ బ్యాంకు కేసులో మూడేళ్ల సర్వీసు షరతునూ రెండు లక్షల రూపాయల బాండ్‌నూ సమర్థించింది. కాబట్టి బాండ్ అనగానే నవ్వేసి సంతకం పెట్టకండి, భయపడి కుంగిపోనూ వద్దు. మొత్తం ఎంత, అది నెలనెలా తగ్గుతుందా, వాళ్లే తీసేస్తే కూడా నేను కట్టాలా? ఈ మూడూ అడగండి. అసలు సర్టిఫికెట్లు మాత్రం ఎవరికీ ఇవ్వొద్దు. చూపించి వెనక్కి తెచ్చుకోండి.

నాయనమ్మకు చదివి వినిపించండి

నా క్లాసులో అన్నిటికంటే కష్టమైన పాఠం ఇది. ఆఫర్ లెటర్ తీసుకుని ఇంట్లో అందరికంటే పెద్ద మనిషి దగ్గర కూర్చోండి. ఆమెకు ఇంగ్లిష్ రాకపోతే మరీ మంచిది. ఒక్కో వాక్యం చదివి తెలుగులో చెప్పండి. ఆమెకు చెప్పలేకపోయిన వాక్యం మీకూ అర్థం కానట్టే. దాని పక్కన చుక్క పెట్టండి. ఎన్ని చుక్కలుంటే అన్ని ప్రశ్నలు హెచ్‌ఆర్‌కు పంపండి. చుక్కలన్నీ పోయేదాకా సంతకం వద్దు.

రెండేళ్ల కిందట ఒక అమ్మాయి జగిత్యాల దగ్గర ఊళ్లో ఇలాగే కూర్చుంది. నాయనమ్మ బీడీలు చేస్తుంది. ఆకు ఎంత ఇచ్చారు, తంబాకు ఎంత ఇచ్చారు, ఖార్ఖానలో ఎన్ని బీడీలు బాగాలేవని తీసి పక్కన పడేశారు అనే లెక్క జీవితమంతా చేసిన మనిషి. అమ్మాయి బాండ్ వాక్యం చదివింది: లక్షన్నర గానీ, కంపెనీకి అయిన ట్రైనింగ్ ఖర్చు గానీ, ‘విచ్‌ఎవర్ ఈజ్ హయ్యర్’. తెలుగులో చెప్పింది: “రెండిట్ల ఏది ఎక్కువైతె అది కట్టాలె నానమ్మా.”

“ఆ ఖర్చు ఎంతో రాసిండ్రా?”

“రాయలే.”

“ఇంత అని లెక్కలేని అప్పు ఎట్ల రాసిస్తవే?”

బీటెక్‌లో మంచి మార్కులు వచ్చిన పిల్ల ఆ మూడు మాటలు దాటిపోయింది. తప్పు ఆమెది కాదు. ‘విచ్‌ఎవర్ ఈజ్ హయ్యర్’ అనేది చెవికి ఇంపుగా ఉంటుంది, చదువుతుంటే జారిపోతుంది. ‘లెక్కలేని అప్పు’ అన్నప్పుడు జారదు.

మర్నాడు మేమిద్దరం కలిసి ఒక మెయిల్ రాశాం. ‘ఐ వుడ్ లైక్ టు సీక్ క్లారిఫికేషన్’ లాంటివేవీ పెట్టలేదు. “ఇఫ్ ఐ లీవ్ ఆఫ్టర్ టెన్ మంత్స్, హౌ మచ్ విల్ ఐ పే? ప్లీజ్ రైట్ ద నంబర్.” అంతే. నాలుగు రోజులు జవాబు రాలేదు. ఆ నాలుగు రోజులూ అమ్మాయి అన్నం సరిగా తినలేదని వాళ్లమ్మ ఫోన్ చేసి నన్ను కోప్పడింది. అయిదో రోజు జవాబు వచ్చింది. ‘ఏది ఎక్కువైతే అది’ తీసేశారు, లక్షన్నర నెలనెలా తగ్గుతుందని రాశారు. ప్రతిసారీ ఇలాగే జరుగుతుందని నేను మాట ఇవ్వను. కొన్నిచోట్ల ప్రశ్న అడిగినందుకే ఆఫర్ వెనక్కి తీసుకుంటారు. అలా తీసుకున్నచోట చేరకపోవడమే మేలని నేను నమ్ముతాను. ఇంట్లో అప్పులున్నవాళ్లకు ఈ మాట ఎంత బరువో తెలిసే చెబుతున్నాను.

అంకె చూడాల్సిన రోజు

రెండో రోజు మొదటి పేజీ తీయండి. సీటీసీ, అంటే ‘కాస్ట్ టు కంపెనీ’, మీకు వచ్చేది కాదు, మీ వల్ల కంపెనీకి అయ్యేది. ‘కాస్ట్’ అనే మాట అందులోనే ఉంది.

ఆరు లక్షల సీటీసీ అనుకోండి. బేసిక్ మూడు లక్షలు. అందులో 12 శాతం చొప్పున కంపెనీ వేసే పీఎఫ్ 36,000. గ్రాట్యుటీ పేరుతో బేసిక్ మీద 4.81 శాతం, అంటే 14,430. ఆరోగ్య బీమా ప్రీమియం 9,570 అనుకుందాం. వేరియబుల్ 60,000. ఈ నాలుగూ కలిపితే లక్షా ఇరవై వేలు. మిగిలిన 4,80,000ని పన్నెండుతో భాగిస్తే నెలకు నలభై వేలు. అందులోంచి మీ వాటా పీఎఫ్ మూడు వేలు, వృత్తి పన్ను రెండు వందలు పోతాయి. చేతికి 36,800. ఆరు లక్షలనగానే మనసులో నెలకు యాభై వేలు అనుకుని, పదిహేను వేల అద్దెకు ఇల్లు మాట్లాడుకుని, చెల్లి ఫీజు నేనే కడతానని చెప్పేసిన పిల్లలు మొదటి నెల పే-స్లిప్ పట్టుకుని నా బల్ల ముందు నిలబడ్డ రోజులు నాకు బాగా గుర్తు. వాళ్లకు అబద్ధం ఎవరూ చెప్పలేదు. మాట అర్థమయ్యేలా కూడా ఎవరూ చెప్పలేదు.

పీఎఫ్ మీదే, ఎక్కడికీ పోదు. గ్రాట్యుటీ అలా కాదు. 1972 చట్టం ప్రకారం అయిదేళ్లు వరసగా పనిచేసినవాళ్లకే అది దక్కేది. 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కార్మిక కోడ్‌లతో, నిర్ణీత కాలానికి కుదిరిన ఉద్యోగులకు ఏడాదికే హక్కు వచ్చింది. మామూలు ఉద్యోగికి మాత్రం అయిదేళ్ల నియమం అలాగే ఉంది. రెండేళ్లకో కంపెనీ మారేవాళ్ల సీటీసీలో గ్రాట్యుటీ ఏటా కనిపిస్తుంది, చేతికి ఎప్పటికీ రాదు.

అందుకే ఇంటర్వ్యూలో జీతం మాట ఎత్తొద్దనే సలహా నాకు గిట్టదు. ఎత్తండి. “వాట్ కమ్స్ టు మై బ్యాంక్ అకౌంట్ ఎవ్రీ మంత్?” అని అడగండి. మా తాతను కుదుర్చుకునేటప్పుడు కూడా ఎన్ని వడ్లు, ఎన్ని జతల బట్టలు అని నలుగురి ముందూ చెప్పేవాళ్లు.

పొమ్మనే మాటలు

ఉద్యోగం ఇవ్వడానికి ఇంగ్లిష్‌లో మాటలు కొన్నే. తీసేయడానికి బోలెడు. లెట్ గో, లేఆఫ్, రైట్‌సైజింగ్, సెపరేషన్, ట్రాన్సిషన్, రిడండెన్సీ. వీటన్నిటికీ నాయనమ్మ మాట ఒకటే: పనిలోంచి తీసేసిండ్రు. ఆ ఒక్క మాటే పట్టుకుని, తర్వాత చట్టంలో దాన్ని ఏమంటారో చూడండి.

ఇక్కడ పెద్ద చిక్కు ఉంది. అమెరికా వార్తలు చదివి మనం ‘లేఆఫ్’ అంటే ఉద్యోగం ఊడటం అనుకుంటున్నాం. మన చట్టంలో లే-ఆఫ్ అంటే అది కాదు. బొగ్గు లేక, కరెంటు లేక, ముడిసరుకు లేక యజమాని కొన్నాళ్లు పని చూపించలేకపోవడం. ఉద్యోగం అలాగే ఉంటుంది. అర్హత ఉన్న కార్మికుడికి ఆ రోజులకు సగం వేతనం రావాలి. కంపెనీ అవసరం లేదని శాశ్వతంగా తీసేస్తే దాని పేరు రిట్రెంచ్‌మెంట్. ఏడాది నిండిన కార్మికుడికైతే నెల నోటీసు, పనిచేసిన ఒక్కో ఏడాదికీ పదిహేను రోజుల వేతనం చొప్పున పరిహారం. మీరు చట్టం చెప్పే ‘కార్మికుడు’ కిందికి వస్తారో లేదో మీ విజిటింగ్ కార్డు మీది హోదా తేల్చదు, మీరు నిజంగా చేసే పని తేలుస్తుంది.

ఇది తెలియనివాళ్లకు ఒక గదిలో ఒక మాట చెబుతారు. నేనూ చెప్పాను, ఇప్పటికీ ఆ మొహాలు కళ్లముందు ఉన్నాయి. “మీరే రిజైన్ చేస్తే రికార్డు శుభ్రంగా ఉంటుంది.” తెలిసినవాళ్లందరూ అదే సలహా ఇస్తారు, రాసిచ్చేయండి, గొడవెందుకు అని. నేను వద్దంటాను. రాజీనామా అంటే మీ అంతట మీరు మానుకున్నారని మీ చేత్తో రాసిచ్చే సాక్ష్యం. అది రాశాక అది రిట్రెంచ్‌మెంట్ అని నిరూపించడం, పరిహారం అడగడం చాలా కష్టం. “ఐ యామ్ నాట్ రిజైనింగ్. ఇఫ్ యూ ఆర్ రిమూవింగ్ మీ, గివ్ మీ ద లెటర్.” ఈ రెండు వాక్యాలు ‘గుడ్ మార్నింగ్’కంటే ముందు నేర్చుకోండి. గొంతు వణికినా ఫర్వాలేదు, వ్యాకరణం తప్పినా ఫర్వాలేదు. ఆ గదిలో ఏ కాగితమూ ఆ రోజే సంతకం పెట్టొద్దు, ఇంటికి తీసుకెళ్లి చదువుతానని చెప్పండి.

‘ఫ్యామిలీ’ అనే మాటను నా క్లాసులో కొట్టేయిస్తాను. ‘వీ ఆర్ ఏ ఫ్యామిలీ’ అన్న కంపెనీ చివరి పేజీలో కూడా టెర్మినేషన్ ఉంటుంది. కంపెనీ అనే మాట పుట్టుకలోనే మంచి అర్థం ఉంది. లాటిన్‌లో కలిసి రొట్టె తినేవాళ్లు అని. అది చాలు. కలిసి తినేచోట ఎవరి వాటా ఎంతో మాట్లాడుకోవచ్చు. కుటుంబం అన్నాక నోరు మెదపలేం.

దాటి వెళ్లేవాళ్లకు

అమెరికా వెళ్లే పిల్లలు యాస మార్చుకోవడానికి పడే శ్రమలో పదో వంతు ‘ఎట్-విల్’ అనే మాట మీద పెడితే నాకు నిద్ర పడుతుంది. ఎట్-విల్ అంటే ఏ కారణమూ చెప్పకుండా, ఏ రోజైనా పొమ్మనొచ్చు. ఒక్క మోంటానా రాష్ట్రం తప్ప అంతటా మామూలు నియమం అదే. హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు ఉద్యోగం పోతే ఇంకో యజమానిని వెతుక్కోవడానికో, స్టేటస్ మార్చుకోవడానికో గరిష్ఠంగా అరవై రోజులు. వీసా గడువు ముగియకముందే యజమాని తీసేస్తే స్వదేశానికి తిరిగి వచ్చే ప్రయాణ ఖర్చు అతనే భరించాలి. ప్రాజెక్టు లేదని జీతం ఆపి ‘బెంచ్’ మీద కూర్చోబెట్టడం చట్టవిరుద్ధం. మనవాళ్ల కన్సల్టెన్సీల్లో బెంచ్ అనే మాట ఎంత మామూలైపోయిందంటే, అది తప్పని కూడా ఎవరికీ అనిపించదు. ఎల్‌సీఏ అనే కాగితంలో మీకివ్వాల్సిన జీతం రాసి ఉంటుంది. పనిలో చేరే రోజుకల్లా దాని ప్రతి మీకు ఇవ్వాలి. అడిగి తీసుకోండి.

గల్ఫ్‌కు వెళ్లేవాళ్లకు ఇంతకంటే ఎక్కువ చెప్పాలి. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల్లో అందరికీ తెలిసిన ‘ఆజాద్ వీసా’ను ఇంగ్లిష్‌లో ‘ఫ్రీ వీసా’ అంటారు. ఆ పేరుతో ఏ దేశమూ వీసా ఇవ్వదు. ఒక కఫీలు (వీసా ఇప్పించిన యజమాని) పేరు మీద వెళ్లి బయట ఇంకెక్కడో పనిచేయడం దాని అసలు రూపం. అక్కడి చట్టం ముందు అది నేరం. దొరికితే, లేదా కాగితాల గడువు దాటితే, మనవాళ్ల మాటలో ‘ఖల్లివల్లి’, అంటే కాగితాల్లేని మనిషి, అయిపోతారు. 1983 వలస చట్టం కింద రిజిస్టరైన ఏజెంటు తీసుకోగల రుసుము గరిష్ఠంగా ముప్పై వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతకుమించి అడిగినవాణ్ని రిజిస్ట్రేషన్ నంబరు చూపించమనండి. దేశం దాటే ముందే ఒప్పందం చేతికి రావాలి. అందులోని జీతం, అక్కడికెళ్లాక చూపించే అరబిక్ కాగితంలోని జీతం ఒకటి కాకపోతే, అరబిక్ కాగితమే నెగ్గే దేశాలున్నాయి. ఈ పాఠం ఇంగ్లిష్ క్లాసులో ఎందుకని అడిగితే, ‘ఫ్రీ’ అనేది మనవాళ్లు అందరికంటే ముందు నేర్చుకున్న ఇంగ్లిష్ మాట కాబట్టి.

సొంతంగా పెట్టేవాళ్లకు

ఆంట్రప్రెన్యూర్ అనే మాట పలకడానికే పిల్లలు వారం రోజులు సాధన చేస్తారు. ఫ్రెంచి నుంచి వచ్చింది. పూనుకునేవాడు అని అర్థం. రిచర్డ్ కాంటిలన్ అనే ఆయన పుస్తకం 1755లో అచ్చయింది. తెలిసిన ధరకు కొని, తెలియని ధరకు అమ్మాల్సి వచ్చేవాడే ఆ మనిషి అని అందులో చెప్పాడు. పత్తి వేసే రైతుకు ఆ నిర్వచనం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. టీ-హబ్ 2015లో, స్టార్టప్ ఇండియా 2016లో వచ్చాయి. అంతకుముందే మన ఊళ్ల నిండా పూనుకునేవాళ్లు ఉన్నారు. ‘పిచ్ డెక్’ తయారు చేయడం నేను నేర్పను. మూడు మాటలు నేర్పుతాను.

మొదటిది పర్సనల్ గ్యారంటీ. ప్రైవేట్ లిమిటెడ్ పెట్టారు, కంపెనీ అప్పు మీ ఇంటి దాకా రాదని చార్టర్డ్ అకౌంటెంట్ చెప్పారు. నిజమే. తర్వాత బ్యాంకులో ఒక కాగితం మీద సంతకం పెడతారు, అది ఇంటి దాకా వస్తుంది. గ్యారంటీకి తెలుగు మాట పూచీ. పూచీ పడ్డవాడి బాధ్యత అప్పు తీసుకున్నవాడితో సమానమని కాంట్రాక్ట్ చట్టం 128వ సెక్షన్ చెబుతుంది. దాన్నే ఇంగ్లిష్‌లో ‘కో-ఎక్స్‌టెన్సివ్’ అంటారు. కంపెనీ దివాలా తీసినంత మాత్రాన పూచీ తీరిపోదని 2021లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇంట్లో “పర్సనల్ గ్యారంటీ ఇస్తున్నా” అని చెప్పకండి. “పూచీ పడుతున్నా” అనండి. అమ్మ పొయ్యి దగ్గర నుంచి లేచి వస్తుంది. అప్పుడు ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.

రెండోది లిక్విడేషన్ ప్రిఫరెన్స్. పాలుకు చేసిన పొలంలో, కల్లంలో రాశి పోశాక ముందు విత్తనాల ఖర్చు, ఎరువుల ఖర్చు తీసి పక్కన పెట్టి, మిగిలింది పంచుకుంటారు కదా. అదే ఇది. ఒకాయన యాభై లక్షలు పెట్టాడు, ఆ డబ్బు వచ్చాక కంపెనీ విలువ రెండున్నర కోట్లన్నారు, ఆయన వాటా 20 శాతం. మీది ఎనభై అని మురిసిపోయారు. కంపెనీ నడవక అరవై లక్షలకు అమ్మాల్సి వచ్చింది. ముందు ఆయన యాభై ఆయన తీసుకుంటాడు. మీకు మిగిలేది పది లక్షలే. కాగితంలో ‘పార్టిసిపేటింగ్’ అనే మాట ఉంటే ఆ పదిలోనూ 20 శాతం ఆయనదే. ఇందులో మోసం లేదు, పెట్టినవాడు తన అసలు చూసుకుంటాడు. ఎనభై శాతం అంటే ఎప్పుడూ ఎనభై రూపాయలు కాదని ముందే తెలిస్తే చాలు.

మూడోది నెట్ 90. సరుకు ఇచ్చాక తొంభై రోజులకు డబ్బు అని పెద్ద కంపెనీల పర్చేజ్ ఆర్డర్‌లో ఉంటుంది. చిన్న తయారీదారులు కిమ్మనకుండా ఒప్పుకుంటారు. 2006 నాటి ఎంఎస్‌ఎంఈ చట్టం ప్రకారం సూక్ష్మ, చిన్న సంస్థకు డబ్బు 45 రోజుల్లోపు రావాలి. అంతకుమించిన గడువు రాసుకున్నా చెల్లదు. ఆలస్యానికి రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ. సరుకు పంపకముందే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చేయించుకోండి. ఇన్వాయిస్ మీద ఆ నంబరు వేయండి.

ఇక చివరిది

టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్. ఇదంతా వచ్చాక దీనికి ఒక్క సాయంత్రం చాలు. ప్యాషనేట్, డైనమిక్, హార్డ్‌వర్కింగ్, టీమ్ ప్లేయర్ వద్దు. నేను ఇంటర్వ్యూ బల్లకు అవతల కూర్చున్న పదిహేడేళ్లలో ఆ మాటలు విని ఒక్క మనిషినైనా గుర్తుపెట్టుకోలేదు. గుర్తున్నది ఒక వరంగల్ పిల్లవాడు. నాన్న కిరాణా కొట్టులో ఖాతా పుస్తకం ఆరో తరగతి నుంచి తానే రాసేవాణ్నని, ఎవరు ఎప్పుడు బాకీ తీరుస్తారో ఆ పుస్తకం చూసి చెప్పగలిగేవాణ్నని ముక్కలు ముక్కలైన ఇంగ్లిష్‌లో చెప్పాడు. అకౌంట్స్‌లో పెట్టుకున్నాం.

కాబట్టి ముందు తెలుగులో రాసుకోండి. ఇప్పటిదాకా మీ చేతులతో ఏ పని చేశారు, దాంట్లో ఏది బాగా వచ్చు, ఇక్కడ ఏ పని అడుగుతున్నారు. మూడు వాక్యాలు. వాటిని మీకు తెలిసిన ఇంగ్లిష్‌లో, మీ యాసలోనే చెప్పండి. తడబడితే ఆగి మళ్లీ చెప్పండి. మూడో వాక్యం అయ్యాక సంచిలోంచి ఒక కాగితం తీయండి. దాని మీద చేతికి వచ్చే జీతం, నోటీసు గడువు, బాండ్ మొత్తం అని రాసి, పక్కన మూడు ఖాళీ గడులు ఉంచండి. పెన్ను మూత తీసి పెట్టుకోండి.